లింగుదొర కణుజువేట

ఇప్పపూవులు రాలి రాలి కొండత్రోవలెల్ల మెత్తనై తీపివాసనలు గ్రమ్ముకొన తుమ్మెదలకు గలిగిన తలతిరుగుడు బాటసారులకును గలుగుచుండ, పోడు గాల్చిన మిట్టలపై నల్లని బూడిద తొలకరికై కాచియుండి గాలి వీచినప్పుడెల్ల లేచి లేచి మరల నణగుచుండ, పడమటి గట్ల యంచునకు దిగివచ్చిన సూర్యబింబము గెడ్డనీటియందు గుంకుమ గలిపినట్లు గానవచ్చుచుండ, చైత్రమాసమునం దొక శనివార సాయంకాలమున విశాఖ మన్యమునందలి గుమ్మలగొంది యను ముప్పదిగడపల పల్లెకు బోవు కనుమదారిని ఇరువురు మనుష్యులును నొక తట్టుగుఱ్ఱమును నెక్కుచుండిరి. మువ్వురిలో మున్ముందుగా నలసినది గుఱ్ఱము.

అలయదా మఱి! దానిపై గూర్చున్నవారు వేగేశ్న అప్పలనరసింహరాజుగారు. నలుబదియైదేండ్ల వయసు, ఆజానుబాహువిగ్రహము, ఆ విగ్రహమునకు రెండడుగులు ముందుగా నడచు బొజ్జ. మైదానమునం దొక పట్టణమున వారు సబురిజిస్ట్రారు. సోమవారము మొదలుకొని శనివారము మధ్యాహ్నము వఱకు దమ బల్లముందునకు వచ్చిన ప్రతివానిని "ఈ చేవ్రాలు నీదేనా?" యని యడుగుట వారి యుద్యోగము. శనివారము రెండుగంటలు గొట్టినతోడనే కచేరి తలుపునకు దాళము వైచి మన్యమునకు బరుగిడుట వారి వ్యసనము. వేటయందు దమకు గుఱి తప్పుట యనునది లేదని వారే చెప్పుదురు. నేను విచారించినంతలో నది చాలవఱకు నిజమే.

వారి వీపున వ్రేలాడుచున్నది నెలక్రిందట చెన్నపట్టణమునుండి తెప్పించిన మీటతుపాకి. అట్టిదానిని జూడని పాఠకుల కొఱకు రెండుమాటలు చెప్పవలసియున్నది. దీని గొట్టము క్రింద నింకొక గొట్టమున నైదు తూటాలు వరుసగ నిమిడి యుండును. చేతిపట్టు క్రింద వంకదిరిగిన యినుపమీట యొకటి కలదు. గుండు పేలినతోడనే యా మీటను క్రిందికి లాగి పైకి నొక్కినచో ఖాళీతూటా ఠంగుమని పైకెగిరి పడును, క్రొత్తతూటా తనంత తాను గొట్టములోని కెక్కి కూర్చుండును. ఱెప్పపాటులో రెండవదెబ్బ సిద్ధము. నాటుతుపాకితో బ్రదుకు వెళ్లబుచ్చినవానికి నిది యింద్రజాలముగ దోచుటయం దాశ్చర్యమేమి?

అట్లు నాటుతుపాకితో బ్రదుకు వెళ్లబుచ్చిన మహానుభావుడే గుఱ్ఱము కళ్లెము పట్టుకొని ముందు నడచుచున్న గెమ్మెలి లింగుదొర. అఱువదేండ్లు దాటిన యెండుకట్టె దేహము, ఆకు కదలినను బసిగట్టు చెవులు, మెడను నల్లని దున్నకొమ్ముబూర. ఆ బూర యతని యలంకారము గాదు, అధికారము. గుమ్మలగొందియందు వేటపెద్ద యైనవాడే దానిని ధరించును, అది మ్రోగినగాని పల్లెలో నొక్క గొడ్డలియు భుజమున కెక్కదు. ఇరువదియేండ్లుగ నది యతని మెడను విడువలేదు. రేపు విడుచునేమో యని యతనికి బెంగ.

బెంగకు గారణ మీది. చైత్రమున జరుగు నిటుకలపండుగ దినములలో నా పల్లె మగవారు జట్టుకట్టి వేటకు బోవలెను. పోయినవారు వట్టిచేతులతో దిరిగివచ్చిరా, ఊరి మొగదల నాడువారు పేడనీళ్ల కుండలతో గాచియుండి తండ్రి యనక మగడనక నెత్తిపై గుమ్మరింతురు. అది యేటేట జరుగు వినోదమే. కాని వరుసగ మూడేండ్లు పండుగ కడపటిదినము వఱకు మెకము చిక్కనిచో వేటపెద్ద తన బూరను దీసి వేఱొకని మెడను వేయవలెను. అది వినోదము గాదు. గడచిన రెండేండ్లు చిక్కలేదు. ఈ యేడు పదునొకండు దినములు దిరిగినను జిక్కలేదు. రేపు ఆదివారమే కడపటిదినము. బూర కెదురుచూచుచున్నవాడును బయటివాడు గాడు, లింగుదొర భార్యయగు బోడెమ్మకు సొంత యన్నకొడుకు, వంతాల సుక్రు.

పల్లె చేరునప్పటికి బోడెమ్మ తన గుమ్మము ముందు గూర్చుండి మగని కన్నులయెదుటనే కుండలో బేడ కలుపుచుండెను. సిగ్గును లేదు, దాపఱికమును లేదు.

"ఏటి బోడెమ్మా, ఇప్పట్నించే కలిపేస్తున్నావు? రేపు నేనున్నాను కదా, మెకం దొరక్కపోతుందా?" యని రాజుగారు గుఱ్ఱము దిగుచు నవ్విరి.

"తవఁరు కొట్టిన మెకం తవఁరిది బాబూ. మాకేటి? మా వోళ్లు కొట్టి తెత్తేనే మాకు లెక్క. నేదంటే ఇదిగో, ఈ కుండ మీ నేస్తం నెత్తిమీదే."

"తుపాకీ నాదై, కొట్టినవాడు నీ మొగుడైతేనో?"

బోడెమ్మ చేయి యొకింత నిలిచెను. "అదప్పుడు సూద్దారి" యని మరల గలుప నారంభించెను.

అంతమాట చాలును రాజుగారికి. ప్రొద్దు పూర్తిగ గ్రుంకకమునుపే లింగుదొరను జీలుగుచెట్ల వైపునకు దీసికొనిపోయి తుపాకి చేతికిచ్చిరి. లైసెన్సు వారి పేరనే యున్నది, వారు ప్రక్కనే యుందురు గాన దోషము లేదని తమకు దామే తీర్పు చెప్పుకొనిరి. లింగుదొర దానిని ద్రిప్పి త్రిప్పి చూచి లోన నైదు తూటాలు పట్టునని విని మొగము చిట్లించెను.

"ఒక్క మెకానికి అయిదు తూటాలేటి బాబూ? నానంత సేతకానోడినా?"

"చేతనైనవాడివేలే. నీ చేతికి మీట అలవాటు కావాలి, అంతే. పేలగానే కిందకి లాగి పైకి నొక్కు. ఆలోచించకూడదు. చెయ్యే చెయ్యాలి."

వట్టితుపాకితో లింగుదొర యిరువదిమాఱులు లాగెను, ఇరువదిమాఱులు నొక్కెను. పిమ్మట రాజుగారు చాలునన్నను వినక మఱి ముప్పదిమాఱులు లాగి నొక్కెను. ముసలితనమున గ్రొత్తవిద్య పట్టువడదందురు గాని ఆకలిగొన్నవానికి బట్టువడనిది లేదు. చీకటిపడు వేళకు మీట యతని చేతిలో దలుపుగొళ్లెమువలె నాడుచుండెను. తన చేతికి విద్య నేర్పుకొనిన యా పెద్దమనిషి తనవారి కాళ్లకు నేర్పవలసిన దొకటి కలదని మాత్రము మఱచిపోయెను. ఆ మఱపు వలననే యీ కథ పుట్టినది.

ఆదివారము తెలతెలవాఱుచుండగా లింగుదొర, రాజుగారల వెంట బండ్రెండుగురు మగవారు గొడ్డండ్లును బల్లెములును గొని గెడ్డకు బైనున్న వెదురులోయకు జేరిరి. వారి వేట తీరు తరతరములదియే. కొందఱు లోయ యడుగున డప్పు గొట్టుచు మెకమును బైకి దోలుదురు. మిగిలినవారు పైని సందునకు నిరుప్రక్కలను బొదలలో నక్కియుందురు. సందుకెదురుగ దుపాకివాడు కూర్చుండును. తుపాకి యొకసారి పేలినదా, నక్కినవారందఱు నొక్కుమ్మడి గేకలువేసి పైకి లేచి దెబ్బదిన్న మెకముపై గొడ్డండ్లతో నుఱుకుదురు. ఏలయన నాటుతుపాకి యొకసారి పేలిన పిమ్మట నది కఱ్ఱతో సమానము. మరల మందు దట్టి గుండు వేసి సిద్ధపఱచునంతలో నొకడు భోజనము ముగించి చేయి కడుగుకొనవచ్చును. కావున నుఱుకువానికి భయము లేదు. ఆ పల్లెలో నట్లుఱికి చెడినవా డొక్కడును లేడు.

ప్రొద్దు బారెడెక్కినది. డప్పు మ్రోగినది. వెదుళ్లు ఫెళఫెళలాడినవి. అంతట మేఘఖండమొకటి నేలపై నడచివచ్చినట్లు ధూమ్రవర్ణదేహమును, శాఖోపశాఖలుగ విఱిసిన కొమ్ములును, బెట్టుతో నెత్తిన మెడయుం గల పోతు కణుజు, మన్యమున దిరుగు జింకజాతి మృగములలోనెల్ల నతికాయమైనది, సందుమొగదల వెలువడి నిలిచి గాలిని మూర్కొనెను. రాజుగారు బండచాటున దమ యూపిరి దామే బిగబట్టుకొనిరి. లింగుదొర తుపాకి నెత్తెను. నాటుతుపాకి గుఱ్ఱము, అనగా వ్రేలితో నొక్కు కొక్కెము, లాగుటకు వ్రేలి బలమంతయు గావలెను, దీనికో తాకిన జాలును. అతడనుకొనినదానికంటె నఱక్షణము ముందుగా దెబ్బ పేలి గుండు మెకము భుజముపై కండను జీల్చుకొని పోయెను.

కణుజు తూలి ముందునకు వచ్చి యిరువదియడుగుల దూరమున దిగ్భ్రమతో నిలిచిపోయెను. లింగుదొర చేయి యాలోచింపలేదు. మీట దిగెను, ఎక్కెను. ఖాళీతూటా యెగిరిపడెను. రెండవతూటా గొట్టము జేరెను. గుఱి మెకము ముందుకాలి వెనుకకు సూటిగ నానెను. వ్రేలు మీటవలసినదే తరువాయి. ఇక నా కణుజు చావునకు బ్రహ్మ కూడ నడ్డుపడలేడు.

సరిగా నప్పుడే దాని వెనుకపొదలోనుండి "పట్రా! పట్రా!" యని కేకవేయుచు సుక్రు గొడ్డలి యెత్తి పైకి దుమికెను. తుపాకి మూతియు, మెకము ఱొమ్మును, సుక్రు ఱొమ్మును దారము పట్టి కొలిచినట్లొకే బారున నిలిచినవి. లింగుదొర వ్రేలు గుఱ్ఱమును విడిచెను.

ఎంతసేపు? మనిషి రెండుమాఱు లూపిరి పీల్చునంతసేపు. ఆ యంతసేపును మెకము కదలలేదు, తుపాకి దిగలేదు, వ్రేలు మరల బోలేదు. పిమ్మట కణుజు పెద్దపెట్టున నెగిరి ప్రక్కలోయలోనికి దూకి మాయమయ్యెను. బండచాటునుండి రాజుగా రంతయు జూచిరి. నూఱు మెకములను గొట్టిన వేటకాడయ్యు దానైనచో నా వ్రేలు నిలుపగలిగియుందునా యని వారికి సందేహము గలిగెను. అట్టి సందేహము వారికి జన్మమున నదియే మొదటిది.

పల్లెవారు చూచినది వేఱు. వారికి వినబడినది యొక్క దెబ్బ. కనబడినది పాఱిపోయిన కణుజు.

"ఓలమ్మ! ఇరవై అడుగుల్లో నిలబడ్డాదిరా! మావ సెయ్యి ఒణికిపోతన్నాది" యని సుక్రు గొడ్డలి నేలకు గొట్టెను. ఇద్దఱు ముగ్గురు తలలూపిరి. వెనుక నెవడో చిన్నగ నవ్వెను.

రాజుగారు కోపముతో నెఱ్ఱబడి "ఒరే తెలివితక్కువవాడా, అసలు నువ్వు" అనునంతలో లింగుదొర వారి చేయి పట్టి ప్రక్కకు దీసికొనిపోయెను.

"ఒగ్గీండి బాబూ. సెప్పినారంటే గుంటడు బెదిరిపోతాడు. బెదిరినోడు మరింకెన్నడూ ఏటకి రాడు. తప్పు నాదే. ఈ తుపాకీ మళ్లీ మళ్లీ పేలుద్దని నాను సెప్పుకోవాల గదా?"

"నిన్ను చేతకానివాడంటున్నారయ్యా!"

"అననీండి. సీకటి పడ్డానికి ఇంకా పొద్దున్నాది."

తరువాత లింగుదొర మనుష్యులను బోగుచేసి "ఈపాలి బూర ఊదిందాకా ఎవుడూ పొదలోంచి నెగకూడదు. తుపాకీ పేలినా నెగకూడదు. పిడుగు పడినా నెగకూడదు" అని శాసించెను. కారణము చెప్పలేదు. ముసలివానికి గోపము వచ్చినదని వారు తమలో దాము గొణగుకొని యూరకుండిరి.

దెబ్బదిన్న మెకమును విడిచివచ్చుట గుమ్మలగొందియందు మనిషిని గొట్టినంత పాపము. అడ్డాకులపై నక్కడొకటి యిక్కడొకటి పడిన నెత్తుటిచుక్కలను బట్టి వారు బయలుదేఱిరి. కొన్నిచోట్ల ముప్పదియడుగులకు గాని చుక్క కానరాలేదు. కొన్నిచోట్ల నదియును లేక లింగుదొర మోకాళ్లపై వ్రాలి తిరగబడిన రాతిని, విఱిగిన పుడకను, నలిగిన గడ్డిపరకను జూచి దారి చెప్పెను. నడినెత్తి కెండ వచ్చినది. రాజుగారి బొజ్జ వారికి బరువైనది. కుఱ్ఱకారు చల్లని నీడలను జూచి నిట్టూర్చుచుండిరి. ముసలివాడు మాత్రము నిలువలేదు, నీరు త్రాగలేదు, వెనుకకు దిరిగి చూడలేదు. ఆహా, ఆ వంగిన వీపును జూచినవాని కెవనికైనను నాతడు చేతకానివాడని యనబుద్ధి పుట్టునా?

ప్రొద్దు వాలినపుడు గెడ్డ మూలమున నీటిమడుగు కడ గణుజు కనబడెను. లింగుదొర తనవారిని సైగతో బొదలలో బండుకొనజేసి తాను గాలి కెదురుగ బ్రాకి బండయొకటి జేరెను. మెకము నీరు త్రాగి తలయెత్తినది. వెనుక రాయియే తప్ప మనిషి లేడు. అతడు రెండుమాఱులు చూచుకొనెను, మూడవమాఱును జూచుకొనెను. ఈ సారి వ్రేలు గుఱ్ఱము తేలికను మఱవలేదు. ఒక్కదెబ్బ లోయనిండ మ్రోగెను, చేయి తనంత తానే మీటను లాగి నొక్కెను. అంత పెద్దమృగము కాలైనను గొట్టుకొనక నిలిచిన చోటనే మోకరిల్లి ప్రక్కకు వ్రాలెను.

లింగుదొర పరుగునబోయి దాని నుదుటిపై జేయివేసి "తప్పు కాయి తండ్రీ, పొద్దున్న నిన్ను నొప్పెట్టినాను" అని చెంపలు వేసికొనెను. రాజుగారు వచ్చి యతనిని గౌగిలించుకొనిరి. ఇరువురును గూర్చుండి చెఱియొక చుట్ట వెలిగించిరి. కొమ్ములు జేనలతో గొలిచిరి. నాలుగు జేనలు దాటినవి! ఇరువురకును లోకము మఱపునకు వచ్చినది. చుట్ట సగము గాలినతరువాత దూరపు బొదలోనుండి దీనాతిదీనమగు నొక స్వరము వినవచ్చెను.

"మావా! నెగవచ్చేటి? ఎర్రసీమలు తినేత్తన్నాయి!"

"ఓరి నాయనో, బూర!" యని లింగుదొర నాలుక కఱచుకొని బూర పూరించెను. పండ్రెండుగురును దొడలు దులుపుకొనుచు, వీపులు గోకికొనుచు, తిట్టుచు, నవ్వుచు వెలువడిరి.

సంజవేళ కణుజును మ్రోకులతో వాసమునకు గట్టి మోయించుకొని వారూరి మొగదలకు వచ్చునప్పటికి నాడువారు కుండలతో బారుదీఱి యుండిరి. మెకమును జూడగనే కేరింతలు చెలరేగెను. బోడెమ్మ మాత్రము కుండ దింపక ముందునకు వచ్చెను.

"తుపాకీ రాజుబాబుది. మరి మెకం ఎవురిది?"

"బోడెమ్మా, నా దగ్గరికి రోజూ దస్తావేజులొస్తాయి" అని రాజుగారు కచేరి బల్లముందు గూర్చున్నంత గంభీరముగ బలికిరి. "కలం ఎవడిదని నేనెన్నడూ అడగలేదు. సంతకం ఎవడిదనే అడుగుతాను. ఈ మెకం మీద రెండు సంతకాలున్నాయి. రెండూ నీ మొగుడివే."

ఆడువారు గొల్లుమని నవ్విరి. బోడెమ్మయు నవ్వాపుకొనలేకపోయెను. అంతలో సుక్రు గొంతు సవరించుకొనెను. వాడు చెడ్డవాడు గాడు. ఇరువదియేడేండ్ల వయసున బెద్దఱికముపై నాస యుండుట నేరమును గాదు.

"మెకం వచ్చినాది, మంచిదే. పేడ తప్పినాది. ఐతే బూర మాట సెప్పాల. పొద్దున్న ఇరవై అడుగుల్లో నిలబడ్డ మెకాన్ని మావ కొట్టనేకపోనాడు. అందరం సూసినాం. సెయ్యి నిలవనోడికి పెద్దరికం ఎలగ?"

అందఱును జూచినమాటే. లింగుదొర సుక్రును జూచెను, వానికి జెప్పదగినది నాలుక చివర నుండియు జెప్పలేదు. "నిజవేఁ. వొయసొచ్చీనాది" అని మెడనుండి బూరను దీయబోయెను.

రాజుగారి యోరిమి యంతటితో దీఱిపోయెను. ఊరిలోనికి నిండిన తుపాకితో బోవుట వారి నియమము గాదు. వారు దానిని లింగుదొర భుజమునుండి తీసికొని మూతిని వట్టినేలవైపునకు ద్రిప్పి మీట లాగిరి. తూటా యొకటి యెగిరి సుక్రు కాళ్లముందు బడెను. మరల లాగిరి, రెండవది. మరల లాగిరి, మూడవది.

"ఎన్నిరా?"

"మూడు బాబూ."

"మధ్యాహ్నం ఒకటి పేలింది. దాంతో ఎన్ని?"

"నాలుగు."

"పొద్దున్న నువ్వు పొదలోంచి ఎగిరినప్పుడు ఈ నాలుగూ లోపలే ఉన్నాయి. మొదటిది గొట్టంలో ఉంది. నీ మావ వేలు దానిమీద ఉంది."

సుక్రు తూటాలను జూచెను. లింగుదొరను జూచెను.

"మరి మెకం నిలబడే ఉన్నాది గదా మావా. ఎందుకు పేల్చనేదు?"

లింగుదొరకు విసుగు వచ్చెను. "దాని ఎనకాల నువ్వున్నావురా" అనెను.

ఆ మాట యతడు గట్టిగ ననలేదు. అయినను నందఱకును వినబడెను. బోడెమ్మ కుండనెత్తి యందలి పేడనీ రొక్క బొట్టును మిగులకుండ సుక్రు నెత్తిపై గుమ్మరించెను. "మూడేళ్ల గుంట ఉన్నాదిరా నీకు! తుపాకీ మూతికెదురుగా ఎగురుతావేట్రా సచ్చినోడా! నా యన్న కొంపకి దీపం నేకుండా సేద్దువు గదరా!" యని కేకలు వేయుచు వాని వీపుపై నాలుగు చఱచి, ఆ చఱచుటలోనే వానిని గట్టిగ గౌగిలించుకొని భోరున నేడ్చెను. ఆ పేడ యామెకును నిండెను. సుక్రు గ్రుడ్లనీరు గ్రుక్కుకొనుచు నత్తను విడిపించుకొని వచ్చి సగము తీసిన బూరను మరల లింగుదొర మెడను దిన్నగ సవరించెను. "బూరంతా పాడుసేసినావు" అని కసరుచు లింగుదొర యరచేతితో బేడను దుడిచెను.

గుఱి గలవారు లోకమున బెక్కుమంది కలరు. గుఱి కుదిరిన పిమ్మట జేతిని నిలుపుకొని, నిలిపితినని పేరు కోరక, పేరు పోవుచున్నను నోరు మెదపకుండువా డెక్కడనో యొక్కడు గాని యుండడు. అట్టివాడు పెద్దయైన పల్లె యదృష్టము గలది. ఆ సాయంకాలము గుమ్మలగొంది వీథి నడుమ నెగళ్లు మండించి కణుజుమాంసము ప్రతిగడపకు బంచిరి. థింసా యాడిరి. రాజుగారి చేతను నాలుగడుగులు వేయించిరి. లింగుదొర యాటకు లేవలేదు. సుక్రు కూతురు తినుచు దినుచు నతని తొడపై నిదురపోయినది. పిల్లకు మెలకువ వచ్చునని యతడు తిమ్మిరెక్కిన కాలు కదపక యట్లే కూర్చుండెను.